మెడికల్ ఫైలులో లేని గడి

నాంపల్లి గగన్ విహార్‌లోని సర్కారు ఆఫీసులో నేను గుమాస్తాగా ఉన్న రోజుల్లో, ఇంక్రిమెంటు ఆగితే పోనీలే అని ఊరుకునేవాళ్లు కూడా మెడికల్ రీయింబర్స్‌మెంట్ ఫైలు కోసం మాత్రం నా బల్ల వదిలేవారు కాదు. అప్పు తెచ్చి ఆసుపత్రికి కట్టిన డబ్బు మరి.

ఆ ఫైలుకు మూలం 1972 నాటి ఆంధ్రప్రదేశ్ ఇంటిగ్రేటెడ్ మెడికల్ అటెండెన్స్ రూల్స్. అపెండిక్స్-2 దరఖాస్తు, డిశ్చార్జి సమ్మరీ, ఒరిజినల్ బిల్లులు, ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్, ఎమర్జెన్సీ సర్టిఫికెట్, ఈ సొమ్ము ఇదివరకు తీసుకోలేదని నాన్ డ్రాయల్ సర్టిఫికెట్. జిరాక్సులకు ఆబిడ్స్, పరిశీలనకు కోఠీలోని డైరెక్టర్ ఆఫ్ మెడికల్ ఎడ్యుకేషన్ (డీఎంఈ) ఆఫీసు. అక్కడ టానిక్కుల పద్దులు కొట్టేసి పంపితే, మిగిలింది మేం మళ్లీ కూడుకునేవాళ్లం.

గుండె ఫైళ్లయితే చూడగానే తెలిసిపోయేవి. లోపల తెల్లకాగితం మీద స్టెంట్ డబ్బా స్టిక్కరు ఉండేది. కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు, మిల్లీమీటర్లలో కొలతలు. జిగురు ఎండి అది ఊడిపోతే అబ్జెక్షన్ పడుతుందని నేనే పిన్ను కొట్టేవాణ్ని. స్టెంట్ వాడారనడానికి ఆ స్టిక్కరే సాక్ష్యం. ఆ రక్తనాళానికి అసలు స్టెంట్ అవసరమా, మందులతో సరిపోయేదా అని అడిగే గడి మాత్రం ఫారంలో లేదు. ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్ ఉందిగా అంటారు. వైద్యం చేసిన చెయ్యే అది అవసరమని సంతకం పెడితే దాన్ని పరిశీలన అనగలమా?

డబ్బిచ్చే ముందే ఈ వైద్యం తగినదేనా అని అడిగిన దేశాలు లేకపోలేదు. కొత్త మందుకు సర్కారు డబ్బు కావాలంటే పెట్టిన ఖర్చుకు తగిన ఫలితం ఉందని రుజువు చూపాల్సిందేనని ఆస్ట్రేలియా 1993లోనే తప్పనిసరి చేసింది. ఇంగ్లండు 1999లో ఆ పనికి నైస్ అనే సంస్థనే పెట్టింది. మేమిక్కడ ఒరిజినలా, జిరాక్సా అని బిల్లును వెలుతురుకు పెట్టి చూసుకునేవాళ్లం.

మన దగ్గర మార్పు మొదట వచ్చింది ఉద్యోగులకు కాదు, తెల్ల రేషన్ కార్డుల వాళ్లకు. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ పథకం మొదలైంది. ఆపరేషన్‌కు ముందే రిపోర్టులు పంపి ప్రీ-ఆథరైజేషన్ తీసుకోవాలి. డబ్బు ఖర్చయ్యాక కాదు, కత్తి పెట్టకముందే అడగడం! అయినా గర్భసంచి తొలగింపులు విచ్చలవిడిగా జరుగుతున్నాయన్న గోల లేచింది. చివరికి ఆ ఆపరేషన్‌ను ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేయాల్సి వచ్చింది. రిపోర్టు జతచేసినంత మాత్రాన అవసరం రుజువైనట్టు కాదని నాకు అప్పుడు గట్టిగా అనిపించింది.

2017 ఫిబ్రవరిలో కేంద్రం మందు పూత స్టెంటుకు 29,600 రూపాయలు, మామూలు స్టెంటుకు 7,260 రూపాయలు గరిష్ఠ ధరగా పెట్టింది. ఒక్క స్టెంటుకే లక్ష దాటిన బిల్లులు చూసినవాణ్ని, నాకు నోట మాట రాలేదు. ఏ వైద్యానికి ఎంత ఫలితమో తేల్చే హెల్త్ టెక్నాలజీ అసెస్‌మెంట్ విభాగం కూడా ఢిల్లీలో ఆ ఏడాదే ఏర్పడింది. ధర తేల్చడం తేలిక. అవసరం తేల్చడమే కష్టం. ఆ పని గుమాస్తాల బల్ల మీద జరిగేది కాదు.

రీయింబర్స్‌మెంట్ పెట్టుకునేవాళ్లకు ఒక మాట. గుండె కేసయితే బిల్లుల దాకా ఆగకుండా యాంజియోగ్రామ్ రిపోర్టు, సీడీ అడిగి తెచ్చుకోండి. వాటిని ఆపరేషన్‌కు ముందే ఇంకో డాక్టరుకు చూపించండి. ఫైలు మాత్రం డిశ్చార్జి అయిన ఆరు నెలల్లోపే పెట్టండి.