గొంతుకి వారసులెవరు?

1902లో గ్రామఫోన్ కంపెనీ వాళ్లు కలకత్తాలో గౌహర్ జాన్ పాటలు రికార్డు చేశారు. పాట ముగియగానే ఆమె ఇంగ్లీషులో తన పేరు చెప్పేది. రికార్డులు తయారయ్యేది జర్మనీలో కాబట్టి అక్కడి పనివాళ్లకి ఏ పాట ఎవరిదో తెలియడానికి పెట్టుకున్న గుర్తు అది. అయినా ఒక తవాయిఫ్ తన గొంతుకి తానే పేరు తగిలించుకోవడం చిన్న సంగతేమీ కాదు.

ఎందుకంటే తర్వాత సినిమా ఆ పేరుని మింగేసింది. ‘మహల్’ (1949) పాట రికార్డు మీద గాయని పేరు ‘కామిని’ అని వేశారు. కామిని మధుబాల వేసిన పాత్ర. పాడింది లతా మంగేష్కర్! పాడినవాళ్లకీ ఒక హక్కుంటుందని మన కాపీరైటు చట్టం ఒప్పుకోవడానికి 1994 దాకా పట్టింది. అదీ పాడిన పాట మీదే. మరి పాడని పాట సంగతి?

ఇప్పుడు పాత రికార్డులతో కంప్యూటరుకి గొంతు నేర్పిస్తున్నారు. సాధారణంగా కొత్త పాటని బతికున్న ఇంకొకరు పాడతారు. ఊపిరి, విరుపు వాళ్లవి. పైన తొడిగే గొంతు పోయినవాళ్లది. ‘కీడా కోలా’ (2023)లో బాలసుబ్రహ్మణ్యం గొంతుని అనుమతి లేకుండా వాడారని ఆయన కొడుకు చరణ్ నోటీసు ఇచ్చారు. ‘లాల్ సలామ్’ (2024)లో బంబా బాక్యా, షాహుల్ హమీద్ గొంతులకి వాళ్ల కుటుంబాల అనుమతి తీసుకుని, పారితోషికం ఇచ్చానని రెహమాన్ చెప్పారు. అంతటితో పేచీ తీరిందనుకున్నారు చాలామంది. నాకు మాత్రం తీరలేదు.

భవతారిణి 2024 జనవరిలో, 47 ఏళ్లకి చనిపోయింది. కోలుకున్నాక అక్కతోనే పాడించాలనుకున్నానన్న తమ్ముడు యువన్ శంకర్ రాజా, చివరికి ఏఐ సాయంతో ఆమె గొంతుని ‘గోట్’ పాటలో వినిపించాడు. ఆ ప్రేమని నేను శంకించను. కానీ ఆడపిల్ల ఏం పాడాలో, పెళ్లయ్యాక అసలు పాడాలో వద్దో తేల్చింది కూడా ఎప్పుడూ కుటుంబమే కదా! చనిపోయాక కూడా సంతకం వాళ్లదేనా? సంపాదన కాపాడుకోవడానికి గౌహర్ జాన్ కోర్టుల చుట్టూ తిరిగింది, భర్తగా, మేనేజరుగా ఉన్నవాడి మీదే. 1930లో మైసూరులో పోయింది. ఆమె గొంతు కావాలంటే ఎవరినడుగుతారు?

కోర్టుల వల్లా తేలలేదు. జయలలిత జీవితం మీద తీసిన చిత్రాలపై మేనకోడలు వేసిన కేసులో, గోప్యత హక్కు మనిషితోనే పోతుందని 2021లో మద్రాసు హైకోర్టు అంది. 2025లో ఆశా భోంస్లే బొంబాయి హైకోర్టుకెళ్లి, ఏఐతో తన గొంతుని అనుకరించకుండా ఉత్తర్వు తెచ్చుకున్నారు. అప్పటికి ఆమెకి 92 ఏళ్లు.