గెట్టు పంచాయితీకి ఏఐ పెద్దమనిషి

మొన్న లంచ్‌లో ఒక కొలీగ్ అన్నాడు: "ఇక పెద్దమనుషులెందుకు, లాయర్లెందుకు? ఇద్దరి వాదనా ఏఐకిస్తే అదే రాజీ కుదిర్చేస్తుంది." మాది మేడ్చల్ వైపు. మా నాన్నకీ పెద్దనాన్నకీ గెట్టు పంచాయితీతో పదకొండేళ్ళుగా మాటల్లేవు. అందుకే నాకు నవ్వూ వచ్చింది, కొంచెం ఆశా పుట్టింది. వెంటనే మూడుచింతలపల్లి గుర్తొచ్చింది.

శామీర్‌పేట దాటాక వస్తుందీ ఊరు. 2020 అక్టోబరు 29న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ధరణి పోర్టల్ ప్రారంభించింది ఇక్కడే. ఆలోచన మంచిదే. స్లాట్ బుక్ చేసుకుంటే తహశీల్దారు ఆఫీసులో వ్యవసాయ భూమికి రిజిస్ట్రేషనూ మ్యుటేషనూ ఒకేసారి అయిపోతాయి. కానీ ఆ సెప్టెంబరులో చేసిన చట్టాలతో ఇంకో రెండు పనులు కూడా జరిగాయి. అవినీతి ఆరోపణలున్నాయని వీఆర్వో పోస్టులు రద్దు చేశారు. రెవెన్యూ కోర్టులు ఎత్తేసి, పెండింగు కేసులు తాత్కాలిక ట్రిబ్యునళ్ళకి పంపారు. మరి కొత్తగా హక్కు తగువొస్తే? సివిల్ కోర్టుకి పోవాల్సిందే.

మన భాషలో చెప్పాలంటే, ప్రొడక్షన్‌కి వెళ్ళేముందు ఎక్సెప్షన్ హ్యాండ్లింగ్ పీకేశారన్నమాట! డేటాలో తప్పుల్లేకపోతే ఏ సిస్టమైనా బాగానే నడుస్తుంది. పేరు తప్పు, విస్తీర్ణం తప్పు, పట్టా భూమి నిషేధిత జాబితాలో... ఇవన్నీ బయటపడ్డాక, కలెక్టరుకి దరఖాస్తు పెట్టుకునే మాడ్యూళ్ళు ఒక్కొక్కటీ చేరుస్తూ పోయారు. చివరికి 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది. ఆర్డీవో, కలెక్టరు దగ్గర అప్పీళ్ళు తిరిగొచ్చాయి. అదే ఏడాది గ్రామ పాలనాధికారులన్న పేరుతో ఊళ్ళకి మనుషులూ వచ్చారు. పోర్టల్ పోలేదు, దాని పక్కన మనిషి కావాల్సొచ్చాడు. అది తెలుసుకోడానికి మనకి దాదాపు అయిదేళ్ళు పట్టింది.

ఇప్పుడు ఏఐ సంగతి. 2024 అక్టోబరులో సైన్స్ పత్రికలో గూగుల్ డీప్‌మైండ్ వాళ్ళ 'హేబర్మాస్ మెషీన్' పరిశోధన వచ్చింది. అది అందరి అభిప్రాయాలూ చదివి, అందరూ ఒప్పుకోగల ఒక ప్రకటన రాస్తుంది, విమర్శలు తీసుకుని దిద్దుతుంది. బ్రిటన్‌లో అయిదు వేలమందికి పైగా పాల్గొంటే, మనిషి మధ్యవర్తి రాసినదానికంటే దీని రాతనే ఎంచుకున్నది 56 శాతం. తక్కువేం కాదు. కాకపోతే అక్కడ చర్చించింది ప్రభుత్వ విధానాల గురించి. వాదన ఓడినా ఎవరి పొలమూ పోదు.

మన 2023 మధ్యవర్తిత్వ చట్టం కూడా రాజీని రుద్దే అధికారం మధ్యవర్తికి లేదనే అంటుంది. మనిషికే లేని అధికారం మెషీన్‌కి ఎందుకివ్వాలి? కాగితాలు చదవనీ, తిట్లు తీసేసి అసలు ఎవరికేం కావాలో తెలుగులో రాసిపెట్టనీ. కానీ గెట్టు మీదకి నడిచొచ్చే మనిషీ, తప్పు జరిగితే పైన వినే చోటూ ఉండి తీరాలి.

పోయిన దసరాకి నేనూ ప్రయత్నించా. నాన్న మాటా, ఫోన్లో పెద్దనాన్న చెప్పిన మాటా టైప్ చేసి ఏఐకిచ్చా. తగువున్న జాగా చెరిసగం చేసి, చెట్టు కొట్టేసి, కొత్త గెట్టు వేసుకోమంది. నాన్న రెండుసార్లు చదివాడు.

"మంచిగనే రాసింది. కానీ ఆ యాపచెట్టు మా అమ్మ పెట్టిందని దానికెవరు జెప్పిన్రు?"

ఎవరూ చెప్పలేదు. పదకొండేళ్ళలో నాకు కూడా చెప్పలేదు. ఆ కాగితం చూశాకే నాన్న నోట ఆ మాట వచ్చింది. చెట్టు ఉంచేలా మార్చి ప్రింటు తీశా. ఈ ఆదివారం పెద్దనాన్న దగ్గరికి దాన్ని పట్టుకుని వెళ్తున్నా. ఈమెయిల్ చేయొచ్చు కానీ, నేనే వెళ్తున్నా.