గెస్ పేపరుకు అందని మాస్టారు



పరీక్షల ఋతువులో కోఠి పుస్తకాల దుకాణాల ముందు నిలబడి చూసినవారికి గెస్ పేపరు అంటే ఏమిటో నేను వివరించనక్కరలేదు. ముప్పైయేళ్ళకు పైగా తెలుగు పండితుడిగా పనిచేసిన నేనూ ఆ పాపంలో భాగస్వామినే. గడచిన ఐదేళ్ళ ప్రశ్నపత్రాలు ముందు వేసుకొని, నిరుడు వచ్చినది ఈ ఏడు రాదు, మూడేళ్ళుగా రానిది తప్పక వస్తుంది అని లెక్కలు కట్టి, పిల్లల పుస్తకాల్లో పద్యాల పక్కన గీతలు గీయించేవాణ్ణి. ఒక సంవత్సరం నేను గీయించిన వాటిలో ఒక్కటీ రాలేదు. తరగతిలో మొదటివాడైన కుర్రవాడు పరీక్ష కాగానే వచ్చి, ప్రశ్నపత్రం నా బల్లమీద పెట్టి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. ఆ కాగితం చాలాకాలం నా దగ్గర ఉండేది.

అంతర్జాతీయ పోటీకి ముందురోజు పత్రికలవారు చేసే పని కూడా ఇటువంటిదే. ఎదుటి జట్టు ఎవరిని ఎక్కడ నిలుపుతుంది, దాడి ఏ పక్కనుంచి వస్తుంది అని నిన్నటి ఆటను చూసి రేపటి ఆటను చెప్పబోతారు. ఈ గెస్ పేపర్లను తలక్రిందులు చేసిన ఒక బడిపంతులు మన కోఠి చుట్టుపట్లనే పాఠాలు చెప్పారు. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం. 2024లో 'మైదాన్' అనే హిందీ చిత్రం వచ్చాక ఆ పేరు మళ్ళీ కొంత వినబడింది. సినిమా సంగతి సినిమాకు వదిలి, ఆయన వ్యూహాల సంగతి నాకు తోచిన మేరకు వ్రాస్తాను.

మూసీ వరద ఈ ప్రాంతాన్ని ముంచెత్తింది 1908 సెప్టెంబరులో. ఆ మరుసటి ఏడు, ఆగస్టు 17న రహీం హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియాలో చదువుకొని, ఆ విశ్వవిద్యాలయం జట్టుకు ఆడి, ఉపాధ్యాయ వృత్తిలో ప్రవేశించారు. కాచిగూడలోనూ, చాదర్‌ఘాట్‌లోనూ పనిచేశారు. ఈ రెండు చోట్లూ మన రెసిడెన్సీ భవనం నుంచి నడిచి వెళ్ళగలిగినవే. 1943 నుంచి హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా ఉన్నారు. ఆయన తీర్చిదిద్దిన సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. భారత జట్టు శిక్షణ కూడా ఆయన చేతికే వచ్చి, 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌పై 1–0తో స్వర్ణం దక్కింది.

మరుసటి ఏడే హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10–1. మనవారిలో చాలామంది వట్టి కాళ్ళతో ఆడారు. అక్కడ రహీం శ్రద్ధగా గమనించినది స్వర్ణం గెలిచిన హంగరీ జట్టును.

ఆనాటి జట్ల అమరిక ఎవరైనా చెప్పగలిగినదే. ముందు ఐదుగురు దాడి చేసేవారు, వారి నడుమ సెంటర్ ఫార్వర్డు. అతణ్ణి కనిపెట్టుకొని ఉండడం ఎదుటి జట్టు సెంటర్ హాఫ్ పని. హంగరీవారు ఈ సెంటర్ ఫార్వర్డును వెనక్కి దింపారు. అతని వెంట సెంటర్ హాఫ్ వెళ్ళితే గోలు ముందు ఖాళీ ఏర్పడుతుంది. వెళ్ళకపోతే ఆ ఆటగాడికి అడ్డే ఉండదు. 1953 నవంబరు 25న వెంబ్లీలో ఇంగ్లండు ఈ చిక్కులోనే పడి 6–3తో ఓడింది. అలా వెనక్కి దిగి ఆడిన హిదెగ్‌కుటి ఒక్కడే మూడు గోళ్ళు వేశాడు.

భారతంలో యుద్ధవ్యూహాలు దాచినవి కావు. మూడవనాడు భీష్ముడు గరుడవ్యూహం పన్నితే, అది చూసి పాండవులు అర్ధచంద్రవ్యూహం పన్నారు. అందరికీ కనబడుతూనే ఉంటుంది. పద్మవ్యూహంలోకి దారి అభిమన్యునికి తెలుసు కూడా. తెలియడం వేరు, బయటపడడం వేరు.

రహీం హెల్సింకీ నుంచి తెచ్చుకొన్నది ఈ మర్మమే అనుకొంటాను. కాని దానికి తగిన ఆటగాళ్ళు ఉండాలి కదా! ఆయన మైదానంలో పెట్టిన పోటీలు చూడండి. బలహీనమైన కాలితోనే ఆడవలసిన పోటీ ఒకటి. బంతిని కాళ్ళ మధ్య త్రిప్పుకొంటూ పోవడం నిషిద్ధమైన పోటీ మరొకటి. కుడికాలి వాటం గలవాడు ఏ వైపు తిరుగుతాడో ఎదుటివాడికి ముందే తెలిసిపోతుంది. రెండు కాళ్ళూ సమానంగా పలికేవాణ్ణి ఎలా ఊహిస్తారు? బంతి దగ్గరపెట్టుకొని జాగుచేసేవాడు ఎదుటివాడికి ఆలోచించుకొనే వ్యవధి ఇస్తాడు. వెంటనే అందించేవాడు ఇవ్వడు. ప్రపంచమంతా నల్లబల్లమీద బాణపు గుర్తులు వేసుకొంటుండగా, ఈ మాస్టారు ముందు పిల్లల కాళ్ళ అలవాట్లు మార్చారు. నేను నా విద్యార్థులకు పద్యాల పక్కన గీతలు గీయించాను. ఆయన అయితే పుస్తకమంతా చదివించి ఉండేవారు.

ఫలితం 1956 మెల్బోర్న్‌లో కనిపించింది. ఆస్ట్రేలియాపై 4–2 గెలుపు, నెవిల్ డిసౌజా మూడు గోళ్ళు. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా దేశం మనదే. అక్కడ మళ్ళీ యుగోస్లావియా. తొలి గోలు మనవారిదే అయినా 4–1తో ఓడి, చివరికి నాలుగవ స్థానంలో నిలిచారు.

ఇక 1962 జకార్తా. తొలి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 0–2 ఓటమి. తరువాత థాయిలాండుపై గెలిచారు గాని, ఆ ఆటలో రక్షణకు మూలస్తంభమైన జర్నయిల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. జపానుపై అతను లేకుండానే గెలిచారు. ఫైనల్లో మళ్ళీ అదే కొరియా. ఆనాడు ఎవరైనా గెస్ పేపరు వ్రాసి ఉంటే, గాయపడ్డవాడు కూర్చుంటాడనో, కాదంటే తన చోట రక్షణలో నిలుస్తాడనో వ్రాసేవారు. రహీం అతణ్ణి తలకు కట్టుతోనే సెంటర్ ఫార్వర్డుగా ముందుకు పంపారు. పదిహేడవ నిమిషంలో పి.కె. బెనర్జీ, ఇరవయ్యవ నిమిషంలో జర్నయిల్ గోళ్ళు వేశారు. కొరియా ఒకటి తిరిగి వేసేసరికి ఆట ముగింపుకు వచ్చింది. 2–1.

ఈ వ్యాసం తొలి చిత్తుప్రతిలో "కొరియావారు ఊహించలేకపోయారు" అని వ్రాసుకొన్నాను. తరువాత కొట్టివేశాను. ఎందుకంటే దక్షిణ వియత్నాంతో 3–2గా ముగిసిన సెమీఫైనల్లోనే జర్నయిల్ ముందు ఆడి గోలు వేశాడు. కొరియావారికి ఆ సంగతి తెలియకపోవడానికి కారణం లేదు. వారికి తెలిసే ఉండాలి. అయినా ఆ పొడగరిని, బలశాలిని గోలు ముందు ఆపడం ఎలా అన్నదే వారికి ప్రశ్న. రహస్యాన్ని నమ్ముకొన్న వ్యూహమైతే సెమీఫైనల్‌తోనే దాని పని అయిపోయేది.

ఆ రోజు సెప్టెంబరు 4. భారత ప్రతినిధి ఒకరు ఇజ్రాయెల్, తైవాన్‌ల విషయంలో చేసిన వ్యాఖ్యల వల్ల స్టేడియమంతా మనవారిపై మండిపడుతున్న రోజు. రహీంకు ఊపిరితిత్తుల క్యాన్సరు. తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న ఆయన కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం ఆ తరువాత మనకు మళ్ళీ రాలేదు. 1970 బ్యాంకాక్‌లో కాంస్యం గెలిచిన జట్టుకు నాయకుడు సయ్యద్ నయీముద్దీన్ హైదరాబాదీయే.

చాదర్‌ఘాట్, కాచిగూడ బడుల్లో రహీం మాస్టారి దగ్గర చదువుకొన్న పెద్దలు మీ ఇళ్ళలో ఉంటే, ఆ ముచ్చట్లు అడిగి వ్రాయండి. తరగతి గదిలో కూడా ఎడమచేత్తో వ్రాయించేవారేమో!