వాటా, ప్రతిభ, మన మౌనం: ఉత్తర తెలంగాణ నుంచి కొన్ని ప్రశ్నలు

అక్షరాభ్యాసానికి బాసర పోవడం మా వైపు పాత ఆనవాయితీ. గోదావరిలో స్నానం చేయించి, పిల్లవాణ్ణి ఒళ్లో కూచోబెట్టుకుని, బియ్యంలో వేలితో అక్షరాలు దిద్దిస్తారు. మా నాన్న నన్ను తీసుకుపోలేదు. సిరిసిల్ల చుట్టుపక్కల ఊళ్లో మగ్గం మీద బతికే ఇల్లు మాది. రెండు రోజులు మగ్గం ఆగితే మూడో రోజు పొయ్యి ఆగేది. నేను బడిలోనే పలక పట్టాను. మా వీధి చివర రాళ్లు కొట్టే వడ్డెర గుడిసెలుండేవి. అక్కడి పిల్లలు ఆ పలక కూడా పట్టలేదు. ఇది చెప్పడం జాలి కోసం కాదు. రిజర్వేషన్ల మీద చర్చ ఎప్పుడు వచ్చినా అది 'ప్రతిభ' దగ్గర మొదలై 'ప్రతిభ' దగ్గరే ముగుస్తుంది. ఆ మాటకు ముందు జరిగిన చరిత్ర ఎవరికీ పట్టదు. ఈ వ్యాసంలో నేను ఆ చరిత్రతోనే మొదలుపెడతాను.

నిజాం రాజ్యంలో చదువు రెండు గోడల వెనక ఉండేది. ఒకటి భాష గోడ. 1918లో ఏర్పడ్డ ఉస్మానియా విశ్వవిద్యాలయం ఒక భారతీయ భాషలో ఉన్నత విద్య చెప్పి గొప్ప పని చేసింది. కాని ఆ భాష ఉర్దూ. కరీంనగర్ పల్లెల్లో తెలుగు, ఆదిలాబాదు అడవిలో గోండీ, కొలామీ మాట్లాడే జనానికి అది పరాయిదే. రెండోది వెట్టి గోడ. దొర గడీకి తోలు పని ఒకరు, బట్టలు ఉతకడం ఒకరు, మోత ఒకరు ఉచితంగా చేయాలి. తండ్రి చేసే వెట్టిని కొడుకు అందుకోవాలి. ఈ ఏర్పాటులో పిల్లవాడు బడికి పోవడమంటే దొరకు ఒక పనివాడు తగ్గడమే. కనుక చదువు రాకపోవడం ఆ కులాల అలసత్వం కాదు. ఉత్పత్తి సంబంధాలు అడిగిన నిరక్షరాస్యత అది. అటు మద్రాసు రాజ్యంలోని ఆంధ్ర జిల్లాల్లో 1920ల నుంచే కమ్యూనల్ జీ.వో.లు ఉండేవి. వాటి మంచిచెడ్డలు ఏమైనా, వాటా అనే మాట అక్కడ ఒక తరం ముందే వినపడింది. ఇక్కడ 1919 ఫర్మానా ముల్కీకి రక్షణ ఇచ్చింది. ముల్కీలలో ఏ ముల్కీ బడికి పోగలడన్నది ఎవరూ అడగలేదు.

ఆ ప్రశ్నను అడవి అడిగింది, అదీ తుపాకీ గుండ్ల మధ్య. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీం నేలకొరిగాడు. ఈ తిరుగుబాటు ఎందుకు వచ్చిందో తెలుసుకోవలసిన అవసరం నిజాం ప్రభుత్వానికి అప్పుడు కలిగింది. హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త మార్లవాయి గూడెంలో మకాం పెట్టాడు. 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం మొదలైంది. అప్పటికి చదువు వచ్చిన గోండులు వేళ్ల మీద లెక్కించదగినంత మందే. అర్హతలున్న వాళ్లు దొరికేదాకా ఆగుదామని ఎవరూ అనలేదు. ఉన్న వాళ్లనే కూచోబెట్టి, దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు తయారుచేసి, వాళ్లనే పంతుళ్లను చేశారు. వాళ్లు మళ్లీ తమ గూడేల్లో పాఠం చెప్పారు.

సాహిత్య విద్యార్థులు మార్లవాయి దగ్గర ఒక నిమిషం ఆగాలని నా మనవి. అర్హత ముందుగా ఉండి అవకాశం దానికి ప్రతిఫలంగా రాదు. అవకాశమిచ్చి అర్హతను తయారుచేయవచ్చునని ఆ గూడెం చూపింది. సాహు, అల్లం రాజయ్య కలిసి రాసిన 'కొమరం భీం' నవలతో తుపాకీ వైపు చరిత్ర మనకు అందింది. పలక వైపు చరిత్ర అంతగా అందలేదు. హైదరాబాదు భారతదేశంలో కలిసిన తర్వాత గోండీ చదువు అటకెక్కింది. తెలుగు వచ్చింది. ఉర్దూ నాటి అన్యాయాన్ని గుర్తుపెట్టుకున్న మనం, మన భాష మరొకరికి ఉర్దూ అయిన సంగతి గుర్తించలేదు.

ఇక మైదానానికి వద్దాం. షెడ్యూల్డు కులాల విద్యార్థులకు మెట్రిక్ తర్వాత చదువుకు కేంద్ర ప్రభుత్వ ఉపకారవేతనాలు 1944లోనే మొదలయ్యాయి. తర్వాత షెడ్యూల్డు తెగలకూ వచ్చాయి. వెనుకబడిన కులాల సంగతి వేరు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1963లో ఒకసారి, 1966లో మరోసారి జాబితాలు ప్రకటించింది. రెండింటినీ న్యాయస్థానాలు కొట్టేశాయి. 1966 జాబితాపై పి. సాగర్ కేసు సుప్రీంకోర్టు దాకా పోయి 1968లో ప్రభుత్వం ఓడిపోయింది. అది వైద్య కళాశాలల సీట్ల తగాదా. న్యాయస్థానం అడిగిన దాని సారం ఇది: ఈ కులాలు వెనుకబడ్డాయని తేల్చడానికి మీరు ఏ ఆధారాలు పరిశీలించారు? ప్రభుత్వం తగిన ఆధారం చూపలేకపోయింది. న్యాయశాస్త్రం ప్రకారం ఆ ప్రశ్న సబబే కావచ్చు. కాని వెట్టికి రసీదు ఎవరిచ్చారు? కాగితం లేకుండా జరిగిన దోపిడీకి కాగితం చూపమన్నారు.

ఆ కాగితం తయారుచేయడానికి 1968లో కమిషన్ వేశారు. అనంతరామన్ కమిషన్ అని పేరుపడ్డ ఆ సంఘం 1970లో నివేదిక ఇచ్చింది. అదే ఏడు సెప్టెంబరులో 1793 నంబరు జీ.వో. వచ్చింది. మొత్తం 25 శాతం. అందులో సంచార జాతులు, విముక్త జాతులు, అట్టడుగు కులాలు 'ఎ' గ్రూపు, 7 శాతం. చేతివృత్తుల వాళ్లు 'బి', 10 శాతం. క్రైస్తవం తీసుకున్న దళితులు 'సి', 1 శాతం. మిగిలిన వాళ్లు 'డి', 7 శాతం. హైకోర్టు దీన్నీ కొట్టేసింది. 1972 జనవరిలో సుప్రీంకోర్టు బలరాం కేసులో నిలబెట్టింది. మా ఊరి వడ్డెరలు, రజకులు, మంగళ్లు 'ఎ'లో పడ్డారు. మేము, గౌడులు, కుమ్మర్లు 'బి'. మున్నూరు కాపులు, గొల్లలు 'డి'.

ఆ తీర్పు వచ్చిన రెండేళ్లకు ఉపాధ్యాయ శిక్షణ కళాశాల జాబితాలో నా పేరు పక్కన 'బి' అక్షరం కనపడింది. ఆ ఒక్క అక్షరమే లేకపోతే ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు. నాతోపాటు హాస్టలులో ఉన్న వాళ్లలో ఇంట్లో మొదటిసారి చదువుకున్న వాళ్లే ఎక్కువ. ఉపకారవేతనం ఎప్పుడూ ఆలస్యమే. డబ్బు వచ్చేదాకా మెస్సు బాకీ, కిరాణా కొట్టు అరువు. అయినా ఆ హాస్టళ్లు బువ్వ పెట్టడంతో ఆగలేదు. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల్లో వెట్టిని, దొరతనాన్ని ప్రశ్నించిన యువకుల్లో కళాశాల గడప తొక్కి ఊరికి తిరిగి వచ్చినవాళ్లున్నారు. ఆ ఏడు అక్టోబరులో ప్రభుత్వం ఆ ప్రాంతాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. చదువు ఊరికి తిరిగి వచ్చి దొరను ప్రశ్నిస్తే పాలకులు దాన్ని ప్రతిభ అనలేదు.

ఇక్కడ మన ఆత్మవిమర్శ మొదలుకావాలి. 1982లో మురళీధరరావు కమిషన్ నివేదిక ఇచ్చింది. 1986 జూలైలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం వెనుకబడిన తరగతుల వాటాను 25 నుంచి 44 శాతానికి పెంచింది. వ్యతిరేకంగా విద్యార్థులు వీధికెక్కారు. అనుకూలంగానూ ఎక్కారు. కొన్ని వారాల్లోనే హైకోర్టు ఆ పెంపును కొట్టేసింది. మొత్తం సగం దాటకూడదన్నది అందులో ముఖ్యమైన వాదన. ఆ రోజుల్లో అభ్యుదయ రచయితల్లో చాలామంది చెప్పిన మాట 'కులం కాదు, ఆర్థిక స్థితి ప్రాతిపదిక కావాలి' అన్నది. నేనూ ఒక చిన్న పత్రికలో ఆ మాటే రాశాను. వర్గ దృష్టి అంటే అదే అనుకున్నాను.

అది వర్గ దృష్టి కాదని తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. పేదరికం వేరు, వెలి వేరు. ఫీజు కట్టలేని పిల్లవాడికి ఉపకారవేతనం జవాబు. ఫీజు కట్టగలిగినా ఊరి బావి దగ్గర, బడి వరండాలో, మౌఖిక పరీక్షలో కులం అడ్డుపడే పిల్లవాడికి సీటులో వాటా జవాబు. ఒక రోగానికి ఇచ్చే మందును రెండో రోగానికి ఇమ్మని మేము వాదించాం. చరిత్ర మా కోరికను వెటకారంగా తీర్చింది. 2019లో 103వ రాజ్యాంగ సవరణ ఆర్థిక ప్రాతిపదికన 10 శాతం వాటా ఇచ్చింది. 2022లో సుప్రీంకోర్టు దాన్ని ఆమోదించింది. 1986లో వెనుకబడిన తరగతులకు దాటరాని గోడ అయిన 'సగం' గీత ఇక్కడ అడ్డురాలేదు. మేము కోరిన ఆర్థిక ప్రాతిపదిక వచ్చింది గదా, మరి అందులో మా సిరిసిల్ల పేద నేతగాడు ఉన్నాడా? లేడు. పేద మాదిగ, పేద గోండు ఉన్నారా? లేరు. 2025 మార్చిలో తెలంగాణ శాసనసభ వెనుకబడిన తరగతులకు 42 శాతం వాటా బిల్లులు ఆమోదించినప్పుడు పాత 'సగం' గీతే మళ్లీ ఎదురొచ్చింది.

రెండో తప్పు ఇంకా దగ్గరిది. 1992 మండల్ తీర్పులో మెజారిటీ తరఫున రాసిన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి వర్గీకరణ ఎందుకు అవసరమో చెబుతూ మన రాష్ట్రపు ఉదాహరణే ఇచ్చారు. కంసాలినీ వడ్డెరనూ ఒకే గుంపులో కడితే ఉన్న వాటా అంతా కంసాలికే పోతుంది, వడ్డెరకు ఏమీ మిగలదన్నది ఆ ఉదాహరణ సారాంశం. చదివినప్పుడు మా వీధి చివరి గుడిసెలు గుర్తుకొచ్చాయి. ఎ, బి, సి, డిలు లేకపోతే వడ్డెర పిల్లవాడి సీటులో నేను కూచునేవాణ్ణి. కూచుని, నాది ప్రతిభ అనేవాణ్ణి.

1994లో ప్రకాశం జిల్లా ఈదుముడి నుంచి మాదిగ దండోరా ఇదే మాట అడిగింది. దళితుల్లోనూ వాటా జనాభా ప్రకారం పంచమంది. అప్పుడు మనలో చాలామంది ఏమన్నాం? 'ఇది చీలిక, దళిత ఐక్యతకు దెబ్బ' అన్నాం. నా వర్గీకరణ నాకు సామాజిక న్యాయం, మాదిగల వర్గీకరణ మాత్రం చీలిక! ఈ ద్వంద్వ నీతిని నేను గుర్తించలేదు. 2000లో చట్టం వచ్చింది. 2004లో చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును తిరగరాసింది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో షెడ్యూల్డు కులాల 15 శాతం మూడు గ్రూపులుగా అమలులోకి వచ్చింది. వెనుకబడిన కులాలకు 1970లో దొరికింది మాదిగలకు దొరకడానికి 55 ఏళ్లు పట్టింది. ఆ మధ్య కళాశాల వయసు దాటిపోయిన పిల్లల లెక్క ఏ తీర్పులోనూ ఉండదు.

అయితే వాటాల లెక్క ప్రతిచోటా ఇంత సాఫీగా తేలదని కూడా ఒప్పుకోవాలి. ఆదిలాబాదు చూడండి. ఆంధ్ర ప్రాంతంలో అప్పటికే షెడ్యూల్డు తెగ అయిన లంబాడాలకు తెలంగాణలో ఆ గుర్తింపు 1976 చట్టంతోనే వచ్చింది. ఒకే రాష్ట్రంలో ఒకే జనానికి రెండు న్యాయాలుండటం తప్పే. కాని పక్కనున్న మహారాష్ట్రలో వాళ్లకు ఆ హోదా లేదు. సరిహద్దు దాటి వలసలు పెరిగాయి. గోండులు, కొలాములు తమ భూమీ, సీటూ, కొలువూ జారిపోతున్నాయన్నారు. 2017లో ఉట్నూరు ప్రాంతంలో అది ఘర్షణగా పేలింది. 2020లో మరో దెబ్బ తగిలింది. ఏజెన్సీ బడుల్లో పంతులు కొలువులన్నీ గిరిజనులకే ఇవ్వాలన్న 2000 నాటి 3వ నంబరు జీ.వో.ను సుప్రీంకోర్టు రద్దు చేసింది. మార్లవాయి సూత్రం న్యాయస్థానంలో ఓడిపోయింది. ఇక్కడ లంబాడాను శత్రువును చేయడం పాలకులకు తేలిక. తండా బీదవాడూ గూడెం బీదవాడూ కొట్టుకుంటుంటే, చాలినన్ని బడులు, సీట్లు ఎందుకు లేవన్న ప్రశ్న నుంచి వాళ్లు తప్పించుకుంటారు. కాని అంతమాత్రాన కొలాము అడిగే ప్రశ్న అబద్ధం కాదు. 'ముందు ఐక్యత, తర్వాత నీ వాటా' అని అతనికి చెప్పే హక్కు, వాటా తీసుకున్న నాకు లేదు.

మళ్లీ బాసరకు వస్తాను. 2008లో అక్కడ సాంకేతిక విద్యకు ఒక విశ్వవిద్యాలయ ప్రాంగణం పెట్టారు. పల్లె పిల్లలను పదో తరగతి మార్కులతోనే చేర్చుకోవడం దాని పద్ధతి. హాస్టలు వసతి లేని ప్రభుత్వ బడుల్లో చదివిన వాళ్లకు గ్రేడుకు 0.4 కలిపే నియమం పెట్టారు. ట్యూషన్లు, కోచింగులు కొనుక్కున్న మార్కూ, పొద్దున కూలికి పోయి పగలు బడికి వచ్చి తెచ్చుకున్న మార్కూ ఒకటి కావని ఒక ప్రభుత్వ సంస్థ అంకెల్లో ఒప్పుకుంది. చిన్న దశాంశమే. అయినా ప్రతిభ అంటే చేరిన చోటు మాత్రమే కాదు, నడిచి వచ్చిన దూరం కూడా అని చెప్పిన దశాంశం అది.

దూరం కొలవడం రచయితల పని. 1990లో మండల్‌కు నిరసనగా ఢిల్లీ విద్యార్థులు వీధుల్లో బూట్లు పాలిష్ చేశారు. మెరిట్ ఉన్నవాళ్లకు ఈ గతి పట్టిస్తారా అన్నది వాళ్ల భావం. ఆ పని తరతరాలుగా ఎవరి గతి, దాన్ని ఎవరు పట్టించారన్నది వాళ్లకు తట్టలేదు. మన కథల్లో కూలి ఉన్నాడు, రైతు ఉన్నాడు, ఉద్యమకారుడు ఉన్నాడు. ఉపకారవేతనం రాక మధ్యలో చదువు మానిన పిల్ల ఎన్ని కథల్లో ఉంది? 'కోటాలో వచ్చినవాడు' అన్న గుసగుస వింటూ ప్రయోగశాలలో నిలబడ్డ కుర్రవాడు ఎన్ని నవలల్లో ఉన్నాడు? 2025లో కూడా ఫీజు బకాయిల కోసం ప్రైవేటు కళాశాలలు తలుపులు మూశాయి. సీటు జీ.వో.లో ఉంది, డబ్బు బడ్జెటులో లేదు. ఆ రెంటి నడుమ నిలబడ్డ విద్యార్థి గురించి మనం రాయకపోతే కేసుల పేర్లే చరిత్రగా మిగులుతాయి.

మా వీధి చివరి గుడిసెల్లోంచి ఒక్కడు 'ఎ' గ్రూపులో సీటు తెచ్చుకుని పంతులయ్యాడు, నా తర్వాత పన్నెండేళ్లకు. నాకు నమస్తే సార్ అంటాడు. ఆ పన్నెండేళ్లు ఎందుకు పట్టాయో అతను నన్ను ఎన్నడూ అడగలేదు. అడగవలసింది అతను కాదు, నేను.