సైలెన్సర్‌లో జల్లెడ – దాని వెనక గడ్డివాముల కథ



మీ బ్రష్ కట్టర్ సైలెన్సర్ మూత విప్పి ఎప్పుడైనా చూశారా? పొగ బయటికొచ్చే దారిలో చిన్న ఇనుప జల్లెడ ఉంటుంది. చాలా చైన్ సాలలోనూ ఉంటుంది. మాన్యువల్‌లో స్పార్క్ అరెస్టర్ అని రాస్తారు. బండి లాగడం లేదనగానే "దీంతో పనేముంది, పీకేస్తే పొగ ఫ్రీగా పోద్ది" అనేవాళ్లు ఉన్నారు. పీకే ముందు ఇది చదవండి. ఆ జల్లెడ ఇంజన్ కోసం పుట్టలేదు. పక్కనోడి పొలం తగలబడకుండా పుట్టింది.

1800ల్లో రైళ్లు వచ్చిన కొత్తలో పొగగొట్టంలోంచి నిప్పురవ్వలు ఎగిరి పట్టాల పక్కన చేలు, తోటలు అంటుకునేవి. అమెరికాలో కట్టెలతో నడిచిన పాత ఇంజన్ల ఫొటోలు చూడండి, పొగగొట్టం పైన గుమ్మడికాయలా ఉబ్బి ఉంటుంది. రవ్వల్ని పట్టే ఏర్పాటు, వైరు జల్లెడ లోపల పెట్టబట్టే అంత లావు.

మరి కాలిపోయిన పంటకు డబ్బులు ఎవరిస్తారు? బ్రిటన్‌లో టాఫ్ వేల్ రైల్వే ఇంజన్ రవ్వ పడి ఒకాయన తోపు కాలింది. కేసు వేశాడు. 1860లో పై కోర్టు ఏమందంటే – రైలు నడపడానికి పార్లమెంటే అనుమతిచ్చింది, కంపెనీ పొగగొట్టానికి మూత పెట్టింది, తీసుకోవాల్సిన జాగ్రత్తలన్నీ తీసుకుంది, కాబట్టి బాధ్యత లేదు. అంటే నష్టం మొత్తం పొలం ఉన్నోడిదే!

1880లో ఇంకో కేసు. రోడ్డు మీద పోయే ఆవిరి ట్రాక్షన్ ఇంజన్ రవ్వకి ఒక రైతు గడ్డివామి కాలింది. అక్కడా నడిపినోడి తప్పేం లేదు. అయినా ఇంజన్ యజమానే కట్టాలని కోర్టు చెప్పింది. అదే గడ్డి, అదే నిప్పు. రోడ్డు ఇంజన్ అయితే పరిహారం, రైలింజన్ అయితే సున్నా.

ఈ తేడా పోవడానికి 1905లో రైల్వే ఫైర్స్ చట్టం రావాల్సి వచ్చింది. 1908 జనవరి 1 నుంచి అమలు. రవ్వల వల్ల పొలానికో పంటకో నష్టమైతే 100 పౌండ్ల వరకు రైల్వే ఇవ్వాల్సిందే, జాగ్రత్త పడ్డామనే సాకు చెల్లదు. 1923లో దాన్ని 200 చేశారు. 1860 తీర్పు నుంచి లెక్కేసుకోండి, రైతు 45 ఏళ్లు ఆగాడు.

తర్వాత ఇంజన్లు చిన్నవై మన చేతికే వచ్చాయి. ఎండకు అడవులు అంటుకునే కాలిఫోర్నియాలో చట్టం ఏమంటుందంటే – అడవి, పొదలు, గడ్డి ఉన్న నేలలో వాడే ఇంజన్‌కి స్పార్క్ అరెస్టర్ ఉండాలి. 0.0232 అంగుళం, అంటే దాదాపు 0.6 మిల్లీమీటర్ దాటిన మసి కణాన్ని అది ఆపాలి. పైగా అది పనిచేసే స్థితిలో ఉండాలి. అసలు సంగతి అదే. ఉంటే చాలదు, బాగుండాలి.

ఇక మన బండి సంగతి. టూ స్ట్రోక్‌లో పెట్రోల్‌తో పాటు ఆయిల్ కూడా కాలుద్ది. మాన్యువల్‌లో లీటరుకు 20 ఎం.ఎల్. అని ఉంటే, మంచిదే కదా అని 40 పోస్తే ఆ మసంతా జల్లెడకే పట్టుద్ది. ఊరికే ఐడిల్‌లో ఉంచినా అంతే. అప్పుడు బండి స్టార్ట్ అవుద్ది, ఐడిల్ బాగానే ఉంటుంది, రేస్ ఇస్తే మాత్రం లాగదు. అందరూ కార్బురేటర్ విప్పుతారు. ఎయిర్ ఫిల్టర్‌తో పాటు ముందు జల్లెడ చూడండి.

పని పది నిమిషాలే. బండి పూర్తిగా చల్లారనివ్వండి. ప్లగ్ క్యాప్ పీకండి. సైలెన్సర్ మూత స్క్రూలు విప్పి జల్లెడ బయటికి తీయండి. ఇత్తడి బ్రష్‌తో మెల్లగా రుద్ది, వెలుతురుకు పెట్టి చూడండి, ప్రతి కన్నం కనపడాలి. చిరిగినా, కన్నం పెద్దదైనా కొత్తది వేయండి. మేకుతో పొడవొద్దు.

ఇంకోమాట. జల్లెడ రవ్వనే ఆపుద్ది, సైలెన్సర్ వేడిని ఆపదు. వేడి బండిని ఎండుగడ్డి మీద పెట్టకండి.

వరి కోశాక, ఎండల్లో గట్లు కొట్టేటప్పుడు చుట్టూ వాములు, పక్కన మిరప కళ్లాలు ఉంటాయి. మన గట్టు మీద రవ్వ లేస్తే కాలేది పక్కోడి ఏడాది కష్టం. ఆ 45 ఏళ్లు రైల్వే కంపెనీలు ఉన్న చోట ఇప్పుడు ఇంజన్ పట్టుకుని మనమే ఉన్నాం. జల్లెడ తీసేస్తానని మెకానిక్ అంటే, కడిగి మళ్లీ పెట్టమనండి.