గంజాయి అంగడి నుంచి వైద్యుని చీటీ దాకా

1938లో రాజాజీ ప్రభుత్వం కడప జిల్లాలో మద్యనిషేధం పెట్టింది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల తాలూకాల్లో కల్లు, సారాయితో పాటు గంజాయి కూడా ఆ చట్టం కిందికే వచ్చింది. కాకపోతే చట్టంలోనే ఒక వెసులుబాటు ఉంచారు. మందుకో, శాస్త్ర పరిశోధనకో అవసరమైతే ప్రభుత్వం మినహాయింపు ఇవ్వొచ్చు.

అంతకుముందు గంజాయి బహిరంగ వ్యాపారమే. మద్రాసు రాజధానిలో లైసెన్సు పాడుకున్నవాళ్లు అంగళ్లు నడిపేవారు. అప్పటి కృష్ణా జిల్లా బాపట్ల తాలూకాలోని సంతరావూరు, దగ్గుబాడు గ్రామాలు ఈ పంటకు పేరుమోశాయి. 1893లో వేసిన గంజాయి విచారణ సంఘం వెయ్యిమందికి పైగా సాక్షులను విని, మరుసటేడు తేల్చిన మాట: మితంగా వాడితే పెద్ద హాని లేదు, నిషేధం వద్దు, పన్నులతో, లైసెన్సులతో అదుపు చేస్తే చాలు.

డాక్టర్లకు అది అప్పటికే మందు. 1839లో కలకత్తాలో ఓషానసీ అనే వైద్యుడు ధనుర్వాతం రోగులకు ఇచ్చి చూసి, ఫలితాలు రాశాడు. తర్వాత బ్రిటిష్ ఫార్మకోపియాలో చేరి 1932 దాకా నిలిచింది.

గంజాయి టింక్చరుతో కాంపౌండర్లకు తిప్పలు తప్పేవి కావు. సారాలో కరిగిన జిగురు నీళ్లు తగలగానే విరిగి, తెల్లగా మసకబారి, సీసా గోడలకు అంటుకునేది. తుమ్మబంక ద్రావకం కలిపితేనే నిలిచేది. మోతాదు అయిదు నుంచి పదిహేను మినిములు, అంటే ఒక మిల్లీలీటరు లోపే.

1985 నాటి మాదకద్రవ్యాల చట్టంతో లెక్క మారిపోయింది. పూతకంకులు, బంక ఉంటే నేరం. వట్టి ఆకు, గింజ మాత్రం ఆ నిర్వచనంలోకి రావు. ఆకు సంగతి రాష్ట్రాల ఎక్సైజు చట్టాలు చూసుకుంటాయి. ఆయుర్వేదం విజయ అని పిలిచేది భంగు అనే ఈ ఆకునే.

అందుకే నేడు ప్రొద్దుటూరు రోగికి చట్టబద్ధమైన దారి ఆయుర్వేద వైద్యుని గది గుండానే. రిజిస్టరైన వైద్యుడు చీటీ రాయాలి, మందు లైసెన్సున్న ఫార్మసీ తయారుచేసినదై ఉండాలి. 1940 నాటి ఔషధ చట్టం నియమాల్లో భంగు విషద్రవ్యాల పట్టికలో ఉంది కాబట్టి, వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక సీసా మీద తప్పనిసరి. ఆ హెచ్చరిక ఇంగ్లీషులో, హిందీలో ఉండాలని నియమం. తెలుగు ఊసు అందులో లేదు.