బ్రేక్‌త్రూ ప్రైజ్: నోబెల్ కంటే పెద్ద మొత్తం.. మన పిల్లలకీ ఓ ఛాన్స్!

ఫిజిక్స్‌లో నోబెల్‌ను ప్రైజ్ మనీలో మించిన అవార్డు ఒకటుంది. అదే బ్రేక్‌త్రూ ప్రైజ్. యూరీ మిల్నర్ 2012లో మొదలుపెట్టారు. విలువ 30 లక్షల డాలర్లు. తొలి ఏడాది తొమ్మిది మందికి తలా అంత ఇచ్చారు! వారిలో అప్పట్లో అలహాబాద్ హరీశ్‌చంద్ర రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌ ప్రొఫెసర్‌గా ఉన్న అశోక్ సేన్ ఒకరు. ఆయన పనిచేసిన స్ట్రింగ్ థియరీకి ఇప్పటికీ ప్రయోగాల రుజువు లేదు. నోబెల్‌కైతే రుజువు దాకా ఆగాల్సిందే, ఇక్కడ ఆ పట్టింపు లేదు.

అమలాపురం, రాజోలు, కొత్తపేట ఇంటర్ పిల్లలు చూడాల్సింది మాత్రం దీని జూనియర్ ఛాలెంజ్. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లు సైన్స్‌లోనో మ్యాథ్స్‌లోనో ఓ కష్టమైన విషయాన్ని చిన్న వీడియోలో అర్థమయ్యేలా చెప్పాలి. గెలిస్తే రెండున్నర లక్షల డాలర్ల స్కాలర్‌షిప్. పాఠం చెప్పిన టీచర్‌కి 50 వేల డాలర్లు. 2018లో గెలిచింది బెంగళూరు కుర్రాడే!